కోవళం అద్దె పడవపై చిన్న ఫిష్‌ఫైండర్: మూడు ఫిర్యాదులు, మూడు కారణాలు

చెన్నై రాయపురంలో పడవలకు ఎకో సౌండర్లు, జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా వృత్తి. మా పనిలో అధికభాగం కాశిమేడు రేవు మరపడవలదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వాటి వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఏడాది మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే మీదపడతాయి. కొన్నేళ్లుగా దీనికి మరో రకం పని తోడైంది. సరదాకు గాలం వేసే ఉద్యోగులూ వ్యాపారులూ, నీటిలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతునూ చేపలనూ తెర మీద చూపే, అరచేతిలో ఇమిడే ఫిష్‌ఫైండర్లు కొనుక్కుని, నాలుగు వారాలు తిరగకముందే అవి సరిగా పనిచేయడం లేదంటూ మా దగ్గరికి తెస్తున్నారు. అలా వచ్చిన వాటిలో నిజంగా చెడిపోయినవి తక్కువ. కింద రాసిన కేసులోనూ యంత్రం బాగానే ఉంది. అయితే దాని యజమాని చెప్పిన మూడు ఫిర్యాదులకు మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. ఆ మూడూ ఈ తరగతి యంత్రాల సత్తానూ హద్దులనూ చక్కగా చూపిస్తాయి కాబట్టి వివరంగా నమోదు చేస్తున్నాను.

యంత్రం, పడవ

యజమాని నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. చెన్నైకి దక్షిణాన, తూర్పు తీరపు రోడ్డు (ఈసీఆర్) మీద ఉన్న కోవళంలో ఆయన, ఇద్దరు మిత్రులు కలిసి ఒక ఫైబర్ పడవను, నడిపే మనిషితో సహా, అద్దెకు తీసుకుంటారు. 15 నుంచి 25 మీటర్ల లోతున్న చోట, రాతి నేలను అంటిపెట్టుకుని ఉండే గ్రూపర్, చెన్నై మార్కెట్లో శంకర అని అమ్మే ఎర్ర చేప వంటి వాటికి గాలం వేస్తారు. తమిళనాడు తీరం వెంట కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కాంక్రీటు దిమ్మెలతో కృత్రిమ దిబ్బలు వేయించింది. అలాంటి దిబ్బలు, సహజమైన రాతి నేలలు, మునిగిపోయిన పడవల శిథిలాలు ఈ రకం వేటకు ఆయువుపట్టు.

పడవ సొంతం కాదు కనుక దాని మీద ఏదీ శాశ్వతంగా బిగించే వీలు లేదు. ఒక ప్లాస్టిక్ పెట్టెలో 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, పెట్టె మూత మీద తెర, ఒక స్టీలు గొట్టం చివర శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని అందుకునే ట్రాన్స్‌డ్యూసర్, ఆ గొట్టాన్ని పడవ అంచుకు పట్టించే క్లాంపు, ఇంతే ఏర్పాటు. తెర మూడున్నర అంగుళాలు. 77, 200 కిలోహెర్ట్జ్‌ల చుట్టూ రెండు చిర్ప్ బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీని జార్చుతూ శబ్దం పంపే శ్రేణులు) ఉన్నాయి. మొదటిదాని కోన్, అంటే శబ్దం కిందికి విచ్చుకునే శంకువు, 45 డిగ్రీలు, రెండోదానిది 15 డిగ్రీలు. జీపీఎస్ ఉంది కానీ మ్యాపు లేదు, గుర్తుపెట్టిన చోట్లు ఖాళీ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. ఐపీఎక్స్7 రక్షణ అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు చేరకూడదని అర్థం. ఉప్పు గాలికీ, తడి చేత్తో ఊడదీసిన కనెక్టర్‌కూ ఆ హామీ వర్తించదు.

ఈ తరగతి యంత్రాల పెట్టెల మీద మంచినీటిలో 1,600 అడుగులు, ఉప్పునీటిలో 750 అడుగులు అని లోతు రాసి ఉండటం చూస్తుంటాం. ఉప్పునీరు శబ్దాన్ని, ముఖ్యంగా ఎక్కువ ఫ్రీక్వెన్సీని, మంచినీటి కంటే చాలా ఎక్కువగా పీల్చేస్తుంది. రెండు అంకెలకూ అంత తేడా రావడానికి కారణం అదే. పాతిక మీటర్లలో గాలం వేసే మనిషికి ఆ రెండు అంకెలతోనూ పని లేదు. కొనేటప్పుడు చూడవలసింది కోన్ వెడల్పు, తెరలో నిలువునా ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయన్నది, జూమ్ సౌకర్యం.

చుక్కల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. పాతకాలపు ఒకే ఫ్రీక్వెన్సీ పల్స్ మిల్లీసెకనులో పదో వంతు ఉందనుకుంటే, సముద్రంలో ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు చేపలను విడివిడిగా చూపడానికి వాటి మధ్య సుమారు 8 సెంటీమీటర్ల ఎడం కావాలి. చిర్ప్‌లో ఫ్రీక్వెన్సీని ఒక మేర పొడవునా జార్చి పంపుతారు. ఆ మేర 40 కిలోహెర్ట్జ్‌లు ఉంటే ఎడం 2 సెంటీమీటర్లు ఉన్నా, లెక్క ప్రకారం, చాలు. కానీ నిలువునా 480 చుక్కలున్న తెర మీద 24 మీటర్ల లోతును పరిస్తే ఒక్కో చుక్కకు 5 సెంటీమీటర్లు వస్తాయి కనుక, చిర్ప్ సాధించిన సూక్ష్మత అంతా తెర దగ్గరే ఆవిరైపోతుంది. అడుగున ఉన్న మూడు మీటర్లను మాత్రమే తెర నిండా జూమ్ చేస్తే ఒక్కో చుక్కకు సెంటీమీటరు కూడా ఉండదు, చిర్ప్‌కు పెట్టిన డబ్బు అప్పుడు గిట్టుబాటవుతుంది. ఈ యజమాని జూమ్‌ను ఒక్కసారి కూడా వాడలేదు.

మొదటి ఫిర్యాదు: తెర నిండా చేపలు, గాలం ఖాళీ

ఆయన మాటల్లోనే చెప్పాలంటే: "అన్నా, మిషన్లో నిండా చేపలే, గాలానికి మాత్రం ఒక్కటీ పడట్లా. పడవ కదిలితే నేల మాయమైపోద్ది. గుర్తుపెట్టిన చోటికి మళ్లా పోతే ఆడ ఏమీ ఉండదు." కొత్తది కొనాలా అని అడిగారు. "అంత పని లేదు సార్, ముందు పడవ మీద చూద్దాం" అన్నాను. దుకాణంలో బల్ల మీద పెట్టి చూస్తే ఇలాంటివి తేలవు.

కోవళం ఎదుట సుమారు 18 మీటర్ల లోతులో, రాతి నేల మీద లంగరు వేయించాను. తెర మీద పైనుంచి కింది వరకు చేప బొమ్మలు, వాటి పక్కన లోతు అంకెలు వరుసగా పోతున్నాయి. మీటరు మీటరుకూ రంగు దారంతో ముడులు వేసిన తాడుకు సీసం గుండు కట్టి, ట్రాన్స్‌డ్యూసర్ పక్కనుంచి మెల్లగా వదిలాను. ఆరు మీటర్ల దగ్గర తెర మీద ఒక చేప బొమ్మ పుట్టింది. గుండును ఇంకో మూడు మీటర్లు దించితే తొమ్మిది దగ్గర ఇంకో బొమ్మ. "మన గుండునే చేపంటుందే అన్నా!" అని ఆయన ఆశ్చర్యపోయారు.

ఆ బొమ్మలను గీసేది యంత్రంలోని ఒక లెక్క. నేలకు అంటుకోకుండా నీటి మధ్యలోంచి వచ్చిన ప్రతిధ్వని ఒక హద్దు దాటిన బలంతో ఉంటే దానికి చేప బొమ్మ తగిలిస్తుంది, బలాన్ని బట్టి చిన్నదీ పెద్దదీ అని నిర్ణయిస్తుంది. గాలి బుడగలు, కొట్టుకొచ్చిన నాచు, జెల్లీ చేపలు, లంగరు తాడు అన్నీ ఆ హద్దు దాటగలవు. ఇక చేప శరీరంలో శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొట్టేది మాంసం కాదు, ఈత తిత్తిలో ఉన్న గాలి. సొర చేపకూ టేకు చేపకూ ఈత తిత్తి ఉండదు కాబట్టి మనిషంత సొర కూడా మసకగా కనిపించి, కోన్ నడిమధ్యలో ఉన్న జానెడు చేప దట్టంగా కనిపించవచ్చు. బొమ్మ సైజును నమ్మి గాలం ముల్లు నంబరు మార్చుకునేవాళ్లను చూశాను, వాళ్ల మీద జాలి తప్ప ఇంకేం చెప్పగలను.

బొమ్మలు చూపే ఆప్షన్‌ను ఆపేశాం. గెయిన్‌ను (ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలో నిర్ణయించే అమరిక) ఆటోలోంచి తీసి, నీరంతా ఇసుక చల్లినట్టు కనబడే దాకా పెంచి, అక్కణ్ణించి ఆ చుక్కలు పలచబడే వరకు తగ్గించాం. అప్పుడు తెర మీద అసలు సంగతి కనిపించింది. పైభాగపు మూడు మీటర్లలో అలల బుడగల మబ్బు, దాని కింద శుభ్రమైన నీరు, 18 మీటర్ల దగ్గర దట్టమైన నేల గీత, 36 మీటర్ల దగ్గర దాని నీడ. ఆ రెండో గీత ఉపయోగమైనది. శబ్దం నేలకు తగిలి, నీటి ఉపరితలానికి తగిలి, మళ్లీ నేలకు తగిలి వచ్చినప్పుడు సరిగ్గా రెట్టింపు లోతులో రెండో నేల కనిపిస్తుంది. రాయి, గట్టి ఇసుక ఉన్నచోట అది స్పష్టంగా వస్తుంది, మెత్తని బురద మీద మాయమవుతుంది. తీరానికి వచ్చేటప్పుడు ఆ గీత ఎక్కడ పోయిందో, ఎక్కడ తిరిగి వచ్చిందో ఆయన్నే గమనించమన్నాను. రాయి ఎక్కడ అయిపోయి బురద ఎక్కడ మొదలైందో అరగంటలో పట్టేశారు.

చేప కమానులా, అంటే ధనుస్సు ఆకారంలో, కనిపించాలని ఆయన ఎక్కడో విన్నారు. కమాను రావాలంటే పడవైనా చేపైనా కదలాలి. చేప కోన్ అంచులో ఉన్నప్పుడు దూరం ఎక్కువ, నడుమకు వచ్చేసరికి తక్కువ, మళ్లీ అవతలి అంచుకు పోయేసరికి ఎక్కువ, అందుకే గీత వంగుతుంది. లంగరు వేసిన పడవ కింద కదలకుండా నిలబడ్డ చేప అడ్డంగా సాగిన గీతలా వస్తుంది. గీత పొడవు ఆ చేప కోన్‌లో ఉన్న సమయాన్ని చెబుతుంది తప్ప చేప పొడవును చెప్పదు. తెర మీద కుడి అంచు మాత్రమే ఈ క్షణం, మిగిలినదంతా గడిచిపోయిన సంగతి. ఈ చివరి మాట మూడో ఫిర్యాదుకు కూడా మూలం.

మరొక విషయం యజమానికి బొత్తిగా తెలియదు. గాలం వేసే చేప నేలకు దగ్గరగా ఉంటుందని తెలిసీ, ఎక్కువ మేర కనిపిస్తుందన్న ఆశతో ఆయన ఎప్పుడూ 45 డిగ్రీల కోన్‌నే వాడారు. 20 మీటర్ల లోతులో ఆ కోన్ నేల మీద 16 మీటర్లకు పైగా వ్యాసమున్న వృత్తాన్ని చూస్తుంది, నిజమే. కానీ యంత్రానికి దిక్కు తెలియదు, దూరం మాత్రమే తెలుసు. కోన్ అంచులో నేలకు మీటరున్నర లోపు ఎత్తులో ఉన్న చేప, ట్రాన్స్‌డ్యూసర్‌కు నేరుగా కింద ఉన్న నేల కంటే దూరంగానే పడుతుంది, అందువల్ల దాని ప్రతిధ్వని నేల ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. 15 డిగ్రీల కోన్‌లో ఇలా దాగే పొర అదే లోతులో 20 సెంటీమీటర్లు కూడా ఉండదు, కాకపోతే నేల మీద కనిపించే వృత్తం ఐదు మీటర్లకు కాస్త పైన మాత్రమే. దిబ్బను వెతకడానికి వెడల్పు కోన్, దిబ్బ మీద చేపను చూడటానికి సన్నని కోన్, దానికి తోడు అడుగు జూమ్: ఆయనకు నేను కాగితం మీద రాసిచ్చిన వాక్యం ఇదొక్కటే.

రెండో ఫిర్యాదు: పడవ కదిలితే నేల మాయం

దీనికి కారణాలు రెండే, ఇంజను విద్యుత్తు గోల లేదా బుడగలు. ఏదో తేల్చడం సులువు. పడవను కదలనివ్వకుండా ఇంజను రేజ్ చేయించాను. తెర మీద నేల గీత చెక్కుచెదరలేదు, అడ్డదిడ్డపు చుక్కలు రాలేదు, అంటే విద్యుత్తు గోల కాదు. పెట్టెలో సొంత బ్యాటరీ ఉన్నప్పుడు, దాని వైరు ఇంజను వైర్ల పక్కనుంచి పోనప్పుడు ఆ గోల అరుదు. పడవ కదిలి వేగం అందుకోగానే తెర పైనుంచి నిలువు చారలు దిగి నేల గీతను తినేశాయి. అవి బుడగలే.

గొట్టాన్ని వెనక భాగంలో, పడవ పక్కలు తోసిన నురగ వచ్చి చేరేచోట బిగించారు. పైగా ట్రాన్స్‌డ్యూసర్ పడవ అడుగుతో సమానంగా ఉంది, నీటి ఒత్తిడికి గొట్టం వెనక్కి వాలుతోంది. గాలి పొర శబ్దాన్ని దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది కనుక ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద పలుచని బుడగల పొర ఉన్నా అది గుడ్డిదైపోతుంది. గొట్టాన్ని పడవ నడుముకు మార్చి, ముఖం పడవ అడుగు కంటే జానెడు కిందికి దిగేలా చేసి, గొట్టం కింది కొస నుంచి ముందువైపుకు ఒక తాడు లాగి కట్టాం. పడవలో మనుషులందరినీ మామూలుగా కూర్చునే చోట్లలో కూర్చోబెట్టి ముఖం నీటి మట్టానికి సమాంతరంగా ఉందో లేదో చూసి బిగించాం. ఖాళీ పడవలో సరిచూస్తే తర్వాత బరువుకు వాలు మారిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద ఎర తాలూకు నూనె, సన్‌స్క్రీన్ జిడ్డు పేరుకుని ఉన్నాయి, పాత్రలు తోమే సబ్బు నీళ్లతో తుడిపించాను. జిడ్డు ముఖానికి నీరు సరిగా అంటుకోక గాలి చిక్కుకుంటుంది.

ఇంత చేశాక నాలుగు నాట్ల (సెకనుకు సుమారు రెండు మీటర్ల) వేగం వరకు నేల నిలిచింది. అంతకు మించిన వేగంలో, పక్కకు వేలాడదీసిన గొట్టంతో, నిలవదు. దిబ్బ దగ్గరికి పోయేదాకా గొట్టాన్ని పైకి ఎత్తి పెట్టుకోమన్నాను, గొట్టం వంగిపోకుండా ఉండటానికి కూడా అదే మంచిది.

మూడో ఫిర్యాదు: గుర్తుపెట్టిన చోటు తప్పిపోవడం

దీన్ని ఆయన జీపీఎస్ లోపమనుకున్నారు. ఆరుబయట ఆకాశం కింద ఈ రకం జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది, సముద్రంలో అడ్డమేమీ ఉండదు. తప్పు గుర్తుపెట్టే తీరులో ఉంది.

ఆయన ఎలా గుర్తుపెడతారో చేసి చూపమన్నాను. పడవ నాలుగు నాట్ల వేగంతో, అంటే సెకనుకు రెండు మీటర్లు, పోతోంది. తెర కుడి అంచులో నేల పైకి లేచింది. అది దిబ్బేనా అని ఆయన చూస్తూ ఉన్నారు, బొమ్మ పూర్తిగా ఏర్పడి తెర మధ్యకు జరిగింది, అప్పుడు బటన్ నొక్కారు. ఈలోపు పడవ పది పన్నెండు మీటర్లు దాటిపోయింది. దీనికి తోడు వెడల్పు కోన్ వల్ల దిబ్బ, పడవ దాని మీదికి రాకముందే ఎనిమిది మీటర్ల దూరంలోనే కనిపించడం మొదలవుతుంది. ఒకటి ముందుకు లాగే తప్పు, ఇంకొకటి వెనక్కి లాగేది, ఏది ఎంతో ఆ రోజు వేగాన్ని బట్టి మారుతుంది. జీపీఎస్ యాంటెన్నా తెర లోపల ఉంటుంది కాబట్టి పెట్టె పడవ వెనక, గొట్టం నడుమ ఉంటే ఆ రెండింటి మధ్య దూరం కూడా కలుస్తుంది. పెట్టెను గొట్టం పక్కకే చేర్చాం.

తర్వాత పద్ధతి మార్పించాను. సన్నని కోన్ పెట్టి, ఇంజను బాగా తగ్గించి, దిబ్బ మీదుగా ఒకసారి ఉత్తర దక్షిణాలుగా, ఒకసారి తూర్పు పడమరలుగా పోవాలి. నేల అత్యంత ఎత్తుకు వచ్చి కిందికి దిగడం మొదలైన ఘడియలోనే గుర్తు నొక్కాలి, ఆ గుర్తుల నడిమి చోటును దిబ్బగా దాచుకోవాలి. కొన్ని యంత్రాల్లో తెరను ఆపి, వెనక్కి జరిపి, బొమ్మ మీదే గుర్తు పెట్టే వీలుంది. ఉంటే అంతకంటే మేలు లేదు.

అయినా ఒక దిబ్బ మాత్రం దొరకలేదు. అది ఆయన వెతికింది కాదు, మిత్రుడు ఫోన్లో పంపిన అంకెలను చేత్తో ఎక్కించారు. మిత్రుడు రాసింది అక్షాంశం 12 డిగ్రీల 47.30 నిమిషాలు. యంత్రం డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల పద్ధతిలో ఉంది, ఈయన 12 డిగ్రీల 47 నిమిషాల 30 సెకన్లు అని ఎక్కించారు. దశాంశం 30 అంటే 18 సెకన్లు మాత్రమే. ఆ 12 సెకన్ల తేడా సముద్రం మీద దాదాపు 370 మీటర్లు. యంత్రాన్ని దశాంశ నిమిషాలకు మార్చి, అంకెలు మళ్లీ ఎక్కించాక దిబ్బ దొరికింది. ఇదంతా చూస్తున్న పడవ మనిషి ఒడ్డున ఉన్న రెండు గుర్తులను ఒకే వరుసలోకి తెచ్చుకుని, యంత్రం కంటే ముందే ఆ చోట ఇంజను తగ్గించాడన్నది కూడా ఇక్కడ నమోదు చేయాలి.

మిగిలినవి

నీటి రకం మంచినీరు అని ఉంది, ఉప్పునీటికి మార్చాను. 25 డిగ్రీల మంచినీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,497 మీటర్లు పోతే, మన తీరపు వెచ్చని సముద్రంలో 1,540 మీటర్ల వరకు పోతుంది. 20 మీటర్ల లోతును అర మీటరు పైచిలుకు తక్కువగా చూపడం పెద్ద నష్టం కాకపోయినా, శోషణకు తగ్గట్టు యంత్రం చేసుకునే సర్దుబాటు కూడా ఈ అమరికతోనే ముడిపడి ఉంటుంది. కనెక్టర్ పిన్నుల మీద పచ్చని చిలుము పట్టింది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి డైఎలక్ట్రిక్ గ్రీజు పూశాను. పాజిటివ్ వైరులో ఫ్యూజు లేదు, 3 ఆంపియర్లది వేశాను. బ్యాటరీ వయసు మీరింది, లోడు మీద వోల్టేజి పడిపోతోంది, మార్చమన్నాను.

ఆ తర్వాత రెండో దిబ్బ మీద వాళ్లకు శంకర చేపలు పడ్డాయి. దాన్ని యంత్రం ఖాతాలో వేయడానికి నేను సిద్ధంగా లేను, ఆ పూట నీటి వాలు (ప్రవాహం) కూడా అనుకూలంగా ఉంది. యంత్రం ఖాతాలో వేయదగినది, వాళ్లు అంతకుముందు గంటలకొద్దీ గాలం వేసిన ఒక చోటు నిజానికి ఉత్త బురద అని తేలడం.

చివరగా ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. గాలంతో విసిరే బంతి సోనార్ కొనవచ్చా అన్నది మొదటిది. అది వైఫై ద్వారా ఫోనుకు బొమ్మ పంపుతుంది. ఆ రేడియో తరంగాలు నీటిలోంచి పోవు కాబట్టి అలల మధ్య బంతి మునిగిన ప్రతిసారీ బొమ్మ తెగిపోతుంది. ముట్టుకాడు వంటి నిలకడ నీటిలో, ఒడ్డున నిలబడి లోతు చూసుకోవడానికి సరిపోతుంది, కోవళం ఎదుటి సముద్రానికి వద్దన్నాను. పక్కలను కూడా చూపే సైడ్ సోనార్ ఉన్న పెద్ద తెర సంగతేమిటన్నది రెండోది. అవి సాధారణంగా 455, 800 కిలోహెర్ట్జ్‌ల వంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తాయి, నిదానంగా, తిన్నని గీతలో పోతేనే బొమ్మ చదవగలిగేలా వస్తుంది, ట్రాన్స్‌డ్యూసర్ ఏమాత్రం ఊగకూడదు. క్లాంపుతో వేలాడదీసిన గొట్టం మీద, అలల్లో ఊగే అద్దె పడవలో ఆ మూడూ కుదరవు. సొంత పడవ కొన్న రోజున రమ్మన్నాను. ప్రస్తుతానికి ఆయన కొన్నవి కొత్త బ్యాటరీ, ఇంకాస్త మందం గొట్టం.